నడివయసులో నడుము లెక్క

నెలసరి నిలిచిపోయే వయసులో ఆడవాళ్లకు ఒళ్లు రావడం మామూలే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ‘బంద్ అయినంక లావైన’ అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. నడివయసులో బరువు పెరగడానికి ముఖ్య కారణాలు వయసు, తగ్గిపోయిన ఒంటి శ్రమ. ముట్లు ఆగడం చేసే పని వేరు. అది కొవ్వు చోటు మారుస్తుంది, కండను కరిగిస్తుంది. అప్పటిదాకా తుంటి, తొడల దగ్గర చేరిన కొవ్వు ఇక పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకోవడం మొదలవుతుంది. త్రాసు ముల్లు పెద్దగా కదలకపోయినా రవికె బిగుసుకుంటుంది, లంగా బొందు చాలదు. ఈ తేడా పట్టించుకోకపోతే ప్రయత్నమంతా దారి తప్పుతుంది. తిండి మానేసి కిలోలు తగ్గించుకున్నవాళ్లు కొవ్వుతో పాటు కండనూ పోగొట్టుకుంటారు. తర్వాత కొవ్వు తిరిగి వస్తుంది, కండ అంత తేలిగ్గా రాదు.

కొవ్వు మకాం మారే కాలం

వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తుంది. భారతదేశంలో 46, 47 ఏళ్లకే వస్తుంది. అంతకుముందు కొన్నేళ్ల పాటు నెలసరి లెక్క తప్పుతూ ఉంటుంది. ఒక నెల ముందు, ఒక నెల వెనక, ఒకసారి విపరీతంగా, ఒకసారి చుక్కలుగా. అండాశయాల్లో ఈస్ట్రోజన్ తయారీ ఒడిదుడుకులకు లోనై చివరికి అడుగంటే కాలం అది. ఒంట్లో అసలు మార్పంతా ఆ కాలంలోనే జరుగుతుంది. ముట్టు పూర్తిగా ఆగాక చూద్దాంలే అనుకునేసరికే సగం పని అయిపోయి ఉంటుంది.

ఈ మార్పును ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించిన పరిశోధన ‘స్వాన్’. 1990ల మధ్యలో అమెరికాలో మొదలైన ఈ అధ్యయనంలో ఐదు జాతులకు చెందిన దాదాపు 3,300 మంది మహిళలు చేరారు. నడివయసులో బరువు ఏడాదికి అర కిలో, ముప్పావు కిలో చొప్పున నిలకడగా పెరుగుతుందని తేలింది. 2019లో వెలువడిన విశ్లేషణ ఇంకో సంగతి చెప్పింది. చివరి ముట్టుకు సుమారు రెండేళ్ల ముందు నుంచి కొవ్వు చేరే వేగం రెట్టింపవుతుంది. అదే సమయంలో కండ తగ్గడం మొదలవుతుంది. చివరి ముట్టు తర్వాత ఇంకో రెండేళ్ల దాకా ఇదే తీరు, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఇటు కొవ్వు పెరిగి అటు కండ తగ్గడంతో మొత్తం బరువులో మాత్రం ప్రత్యేకమైన మలుపేమీ కనబడదు. త్రాసు దాచిపెట్టిన సంగతి అదే.

‘నడివయసు వచ్చేసరికి ఒంట్లో తిండి కరిగే శక్తి పడిపోతుంది’ అనే నమ్మకం కూడా నిలబడలేదు. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును కొలిచిన అధ్యయనం 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒంటి పరిమాణం, కండ, కొవ్వు లెక్కలోకి తీసుకుంటే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు ఒకే తీరుగా ఉంటుందని అందులో తేలింది. తగ్గేది కండ, తగ్గేది కదలిక. ఈ రెండూ మనిషి చేతిలో ఉన్నవే కాబట్టి దీన్ని మంచి వార్తగానే తీసుకోవాలి.

చాట ముందు ఎనిమిది గంటలు

కదలిక తగ్గడం అనే మాటకు ఈ ప్రాంతంలో చాలా స్పష్టమైన రూపం ఉంది. అది బీడీల చాట. పాత కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడిపడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు తెలంగాణ బీడీ పరిశ్రమకు ఆయువుపట్లు. మగవాళ్లలో చాలామంది గల్ఫ్ దేశాలకు వలస పోయిన ఇళ్లు, సిరిసిల్లలో మరమగ్గాల మీద ఆధారపడ్డ ఇళ్లు ఆడవాళ్ల బీడీల సంపాదనతోనే నెల గడుపుతాయి. ఒడిలో చాట, చాటలో నానబెట్టిన తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఆకును కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, కొసలు మడవాలి. వేళ్లు మెరుపులా కదులుతాయి. నడుము, తొడలు, కాళ్లు గంటల తరబడి కదలవు. గంటకు నూరు బీడీలు చేసే చేతికి 800 బీడీలంటే ఎనిమిది గంటలు కూర్చోవడమే. సిరిసిల్లలో కండెలు చుట్టే పని కూడా చాలావరకు కూర్చునే సాగుతుంది.

ఈ ఆడవాళ్లను సోమరులనడం అన్యాయం. తెల్లవారక ముందే లేచి, ఇంటెడు పని చేసుకుని, బీడీలకు కూర్చునేవాళ్లు వాళ్లు. శ్రమ నిండుగా ఉంది, అయితే అది కండను వాడే శ్రమ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం 55 కిలోల మహిళ కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 1,660 కిలో కేలరీలు చాలు. మధ్యస్థంగా ఒళ్లు వంచే పనికి 2,130, బరువు పనికి 2,720 కావాలి. నాట్లు, కలుపు, కోతలు మానేసి చాట ముందు కూర్చున్న మనిషికి రోజుకు కనీసం 470 కిలో కేలరీలు తక్కువ సరిపోతాయన్న మాట. బియ్యం లెక్కలో అది 130 గ్రాములకు పైమాటే. పని మారింది, కంచం మారలేదు. వరి కోతకు యంత్రాలొచ్చాయి, నల్లా ఇంట్లోకే వచ్చింది, రుబ్బే పని మిక్సీకి పోయింది. ఇవి రావాల్సినవే, ఆ చాకిరీ తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఆ చాకిరీతో పాటు కండకు దొరికే పని కూడా పోయిందన్నదే ఇక్కడి లెక్క.

ఫలితం సర్వేల్లో కనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. ఆ సర్వే 49 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి మెనోపాజ్ దాటిన వాళ్లలో ఎక్కువ మంది ఆ లెక్కలోకే రారు.

పెద్దాపరేషన్ తర్వాత

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్యకు ఇంకో ముడి ఉంది. చాలామందికి ముట్లు వాటంతట అవి ఆగవు, ఆపరేషన్ బల్ల మీద ఆగుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా, ఎక్కువ రక్తస్రావం అయినా ‘పిల్లలు పుట్టిండ్రు గదా, ఇంకెందుకు’ అనే ఒక్క మాటతో ముప్పై ఏళ్లకే తీయించుకున్న ఆడవాళ్లు పల్లెపల్లెనా కనిపిస్తారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే హార్మోన్లు వెంటనే ఆగవు, అయినా మెనోపాజ్ కొంత ముందుగానే రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ఆ రోజే మెనోపాజ్. కొన్నేళ్ల పాటు మెల్లగా జరగాల్సిన మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఆవిర్లు, నిద్రలేమి, కండ కరగడం, ఎముక పలచబడడం, పొట్ట పెరగడం అన్నీ తీవ్రంగా ఉంటాయి. ఇలా 45 ఏళ్ల లోపే ఈస్ట్రోజన్ పోయిన వాళ్లకు, వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం ఇక్కడ చాలా విలువైనది. అండాశయాలు ఉన్నాయా తీశారా అన్నది చాలామందికి తెలియదు. ఆ కాగితం పోతే స్కానింగ్‌తో తెలుసుకోవచ్చు.

త్రాసు కంటే టేపు నయం

ఈ వయసులో బరువు కంటే నడుము కొలత ఎక్కువ చెబుతుంది. దర్జీ టేపును చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలిన స్థితిలో చుట్టి చూడాలి. భారతీయ మహిళలకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు హద్దు. ఎత్తు, బరువుల నిష్పత్తి అయిన బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా భారతీయులకు ప్రత్యేకంగా హద్దులు నిర్ణయించారు. తెల్లవారికి పెట్టిన 25, 30 హద్దులు ఇక్కడ పనికిరావు. అంతే బరువున్న యూరప్ మనిషితో పోలిస్తే మనవాళ్లలో పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. షుగర్, బీపీ, గుండెజబ్బు తొందరగా వస్తాయి. 70 కిలోల మహిళ మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గినా, అంటే బరువులో 5 నుంచి 10 శాతం, షుగర్‌లోనూ బీపీలోనూ తేడా కనిపిస్తుంది. పెళ్లినాటి ఫొటోలోని నడుము తిరిగి రావాలని పట్టుబట్టడం అనవసరం.

కంచంలో ఏం మారాలి

బియ్యాన్ని తిట్టడం ఇప్పుడొక ఫ్యాషన్. లెక్క వేసి చూస్తే విషయం కొంచెం వేరుగా ఉంటుంది. తెలంగాణలో రేషన్ మీద మనిషికి నెలకు 6 కిలోలు వస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 710 కిలో కేలరీలు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1,660లో 45 శాతం అంటే దాదాపు 750. రేషన్ కోటా దగ్గరే ఆగితే బియ్యంతో గొడవే లేదు. గొడవల్లా దాని పక్కన ఏముందన్నదే. రెండు పూటలా గిన్నెడు అన్నంలోకి పలచని పచ్చిపులుసు, తొక్కు, మధ్యలో చాయలు, సాయంత్రం మురుకులో బిస్కెట్లో. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2025లో వెలువరించిన లెక్క ప్రకారం భారతీయుల తిండిలో శక్తి 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది, మాంసకృత్తుల వాటా 12 శాతం.

జొన్నరొట్టె తింటే సన్నబడతారన్న మాటలోనూ కొంత సర్దుబాటు కావాలి. నూరు గ్రాముల జొన్నల్లో 334 కిలో కేలరీలు, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు. పీచు మాత్రం జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో మూడు లోపే. రెండు రొట్టెలకు కడుపు నిండుతుంది, నమలడానికి సమయం పడుతుంది, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. అన్నమైతే కూర బాగుంటే రెండోసారి, పెరుగుంటే మూడోసారి పెట్టుకోవడం అలవాటు. రొట్టె మేలు అక్కడుంది. నాలుగు రొట్టెలు తిని మీదికి గిన్నెడు అన్నం కూడా తింటే జొన్న చేయగలిగిందేమీ లేదు. పాతకాలపు మక్కగట్క, సద్దరొట్టె తిన్న తరం సన్నగా ఉండడానికి అవి తిని చేసిన చాకిరీ కూడా కారణమే. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక అన్నం రోజువారీ తిండి అయింది, ఆ వెనకే చాకిరీ కూడా తగ్గుతూ వచ్చింది. రెండింటినీ కలిపి చూడాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇష్టపడే తెలంగాణ సోనా రకానికి గ్లైసిమిక్ సూచిక 51 దాకానే ఉంటుంది. అది షుగర్‌కు మేలు. కేలరీలు మాత్రం మిగతా బియ్యంలో ఉన్నన్నే.

కండను కాపాడేది మాంసకృత్తులు. 55 కిలోల మహిళకు రోజుకు దాదాపు 46 గ్రాములు కనీస అవసరం. బరువు తగ్గించుకునే వాళ్లకు, వ్యాయామం చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఇందుకు దుకాణంలో పొడి డబ్బాలు కొనాల్సిన పని లేదు. పొద్దున ఒక గుడ్డు ఇచ్చేది ఆరు గ్రాములు. గుప్పెడు పెసర్లు, శనగలు, బబ్బెర్లు, ఉలవలు ఏవైనా ముప్పై గ్రాములు నానబెట్టి గుడాలు చేసుకుంటే ఆరేడు గ్రాములు. చారులో నీళ్లు తగ్గించి పప్పు చిక్కగా వండితే ఇంకో ఏడు. చెరువు చేప దొరికిన రోజు లెక్క తేలిగ్గా దాటిపోతుంది, పులుసులో నూనె చూసుకుంటే చాలు. మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో ఒక్క మనిషి కోసం కూర వండడం దండగనిపించి తొక్కుతో ముద్ద తినేసే అలవాటు కనిపిస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు గుడ్డు, గుడాలు వండడం తేలిక కూడా.

చాయ లెక్క వేరుగా చెప్పుకోవాలి. బీడీల దగ్గర మత్తు వదలడానికి చాయ కావాలి, అది కాదనలేని సంగతి. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 10 గ్రాములు, 40 కిలో కేలరీలు. రోజుకు ఐదు కప్పులకు చక్కెరే 200 కిలో కేలరీలు. అంటే ముప్పావుగంట నడకతో ఖర్చయ్యేంత. చాయ మానక్కర్లేదు, చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. ముట్లు ఆగాక కాల్షియం అవసరం రోజుకు 1,200 మిల్లీగ్రాములకు పెరుగుతుంది కాబట్టి పాలు, మజ్జిగ, రాగి, నువ్వులు కంచంలో ఉండడం బరువుతో సంబంధం లేకుండానే అవసరం. ఒక్కపొద్దుల వల్ల వచ్చే మేలు ఆ సాయంత్రం తినే దాని మీద ఆధారపడి ఉంటుంది. పగలంతా ఖాళీ కడుపుతో ఉండి రాత్రి పిండివంటలతో కూర్చుంటే మిగిలేదేమీ లేదు.

కండ నిలవాలంటే

డాక్టరు ‘నడవండి’ అంటారు, ఆడవాళ్లు నడుస్తారు. నడక గుండెకు, షుగర్‌కు, మనసుకు మంచిది, కండను మాత్రం పెద్దగా పెంచదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండకు బరువు పడే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెనోపాజ్ వయసులో ఆ రెండో సగమే ముఖ్యం. మన దగ్గర సలహాల్లో కనిపించనిది కూడా అదే.

దీనికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి వెనక్కీ ముందుకీ నెట్టడం, మునివేళ్ల మీద నిలబడి దిగడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టి పైకెత్తడం. తేలిగ్గా అయిపోతుంటే సీసా పెద్దది చేయాలి. అలా భారం పెరుగుతూ పోతేనే కండకు పని తగులుతుంది. మోకాళ్లు అరిగినవాళ్లు ఎత్తైన కుర్చీతో మొదలుపెట్టాలి. తొడ కండరం గట్టిపడితే మోకాలి నొప్పే తగ్గుతుందన్న సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. బీడీలు చేసేవాళ్లకు పనిలోనే ఒక గడియారం ఉంది. కట్టకు 25 చొప్పున రెండు కట్టలకు సరిపడా బీడీలు అయ్యాయంటే అరగంట గడిచినట్టు. అప్పుడు చాట దించి, లేచి, పది సార్లు కుర్చీ లేదా అరుగు మీద లేచి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ పనికి కూర్చుంటే రెండు మూడు నిమిషాలకు మించి పోదు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడాన్ని ఇలా తుంచడం తిన్న తర్వాత షుగర్ పెరుగుదలను తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది. కూలీ వెయ్యి బీడీల లెక్కన వచ్చే పనిలో నిమిషం కూడా డబ్బే. అయినా ఆ నిమిషాలకు మెడ, నడుము నొప్పులు తగ్గడం రూపంలో కొంత తిరిగి దక్కుతుంది.

బతుకమ్మ ఆట, వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ గంటసేపు తిరిగే ఆట, మంచి వ్యాయామమే. చిక్కల్లా అది ఏడాదికి తొమ్మిది రోజులే కావడం, ఆ రోజుల్లోనే మలీద ముద్దలూ ఎక్కువ కావడం.

నిద్ర గురించి ఒక మాట. రాత్రిళ్లు ఆవిర్లు, చెమటలతో మూడు నాలుగు సార్లు మెలకువ వచ్చే మనిషికి మర్నాడు ఆకలి ఎక్కువ, తీపి మీద మనసు ఎక్కువ. అది నోటి చాపల్యం కాదు, ఆకలి హార్మోన్ల పని. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పడుకునే ఇళ్లలో ఇది మరీ కష్టం. ఆవిర్లకు వైద్యం చేయించుకోవడం బరువు అదుపులో భాగమే.

మందులు, ఆసుపత్రి

హార్మోన్ చికిత్స బరువు తగ్గించే మందు కాదు, బరువు పెంచేదీ కాదు. ఆవిర్లకు అంత బాగా పనిచేసే మందు మరొకటి లేదు. పొట్ట కొవ్వు చేరడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది కూడా. 2002లో అమెరికాలోని ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ఫలితాలతో దీని మీద ప్రపంచమంతటా భయం పుట్టింది. తర్వాతి విశ్లేషణల్లో, 60 ఏళ్ల లోపు లేదా ముట్లు ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు నష్టం కంటే మేలే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ వ్యాధి ఉన్నవాళ్లకు ఇవ్వరు. 2025లో భారత మార్కెట్‌కు వచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ సూదిమందులు బరువును బాగా తగ్గిస్తాయి. తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది, మానేస్తే బరువు తిరిగి వస్తుంది. కాబట్టి మాంసకృత్తులు, కండ వ్యాయామం లేకుండా వాటిని వాడడం ఈ వయసు ఆడవాళ్లకు నష్టం. పేరూ ఊరూ లేని ‘సన్నబడే’ పొడుల సంగతి చెప్పనక్కర్లేదు.

బరువు ఉన్నట్టుండి పెరిగితే ముందు థైరాయిడ్ చూడాలి. థైరాయిడ్ మందగిస్తే కనిపించే నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, ఒళ్లు రావడం మెనోపాజ్ లక్షణాల్లో కలిసిపోతాయి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలతో పాటు ఇదీ తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మెనోపాజ్, బరువు నియంత్రణ రెండింటికీ చోటిచ్చిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లోనే మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్లకోసం కేటాయించిన ఆ క్లినిక్కుల్లో క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా ఉంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి నిపుణుల కోసం కరీంనగర్, హైదరాబాద్ పోవాల్సిన అవసరం తగ్గింది.

ముట్లు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజన్ తయారయ్యే ప్రధానమైన చోటు కొవ్వే. అందువల్ల ఊబకాయం ఉన్నవాళ్లకు గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఏడాది పాటు ఆగిన ముట్టు మళ్లీ కనిపిస్తే, చుక్క రక్తమైనా సరే, వారం లోపు డాక్టరుకు చూపించాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నెల, రెండు నెలల్లో పొట్ట మాత్రమే ఉబ్బుతూ, చేతులు, ముఖం చిక్కుతూ, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటూ, మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి వస్తుంటే అది కొవ్వు కాకపోవచ్చు. అండాశయ క్యాన్సర్ ఇలాగే మొదలై చాలాసార్లు ‘గ్యాస్’ మందులతో ఆలస్యమవుతుంది. ఆ లక్షణాలతో వచ్చినవాళ్లకు కడుపు స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష చేయిస్తారు.